ఆరుబయటి శత్రువులు

వేసవికాలమున పగలెల్ల కాగిన గోడలు ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆ వేడిని ఇంటిలోనికి క్రక్కుచుండును. అందుచేతనే చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు ఇల్లు విడిచి వాకిట పరుండుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్న అలవాటు. సాయంకాలము వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, నులకమంచములు వాల్చుకొని, నక్షత్రములను చూచుచు కథలు చెప్పుకొనుట కంటె మించిన సుఖము వేసవిలో మరొకటి లేదు. పట్టణములలో డాబాల మీద పరుండువారికిని ఈ సుఖము తెలియును.

అయితే ఆరుబయలు మన ఒక్కరి సొత్తు కాదు. చెవి దగ్గర రొదచేయు దోమ, తినుచున్న మామిడిపండు మీద వ్రాలు ఈగ, మంచపుకోళ్ల మీదుగా బారు తీరి వచ్చు చీమ, విడిచిన చెప్పులో దూరి కూర్చుండు తేలు, ఇవన్నియు అచ్చటి కాపురస్థులే. వీని బాధ తొలగించుకొనుటకు మన పెద్దలు వేపాకు, పసుపు, సున్నము, ఉప్పు, సాంబ్రాణి మున్నగు ఇంటి వస్తువులతో అనేకములైన ఉపాయములు చెప్పుచుందురు. వానిలో కొన్ని నిజముగా పనిచేయును. కొన్ని మన మనస్సునకు ఊరట కలిగించునే గాని శత్రువునకు ఏ హానియు చేయవు. ఒకటి రెండు ప్రాణాపాయమునకే దారి తీయును. ఏది ఎట్టిదో తేల్చుకొనవలెనన్న వస్తువు మహిమను విచారించి లాభము లేదు. మనలను బాధించు ప్రాణి ఎక్కడ పుట్టును, ఏమి తినును, మనలను ఎట్లు కనుగొనును అను సంగతులను ముందుగా తెలిసికొనవలెను.

మొదట దోమను చూతము. మనలను కుట్టునది ఆడుదోమ మాత్రమే. గ్రుడ్లు పెట్టుటకు వలసిన మాంసకృత్తులు దానికి రక్తమునుండి లభించును. మగదోమ పూలతేనె మొదలగు తీపిరసములతో తృప్తి చెందును. ఆడుదోమ చీకటిలో మనలను వెదకికొని వచ్చుటకు దాని కన్నులు అంతగా తోడ్పడవు. మనము విడుచు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, మేని వేడిని, చెమట వాసనను పసిగట్టి అది వచ్చును.

ఈ సంగతి తెలిసినచో పొగ ఏల పనిచేయునో బోధపడును. ఎండిన వేపాకును గాని, వావిలాకును గాని, సాంబ్రాణిని గాని నిప్పుల మీద వేసినప్పుడు వచ్చు ఘాటైన పొగ మన మేని వాసనను కప్పివేయును. దోమకు దారి తప్పును. అంతేకాని ఆ పొగకు దోమలు చచ్చునని తలపరాదు. గాలి వీచి పొగ చెదరిన వెంటనే అవి తిరిగి వచ్చును. పైగా దోమకు సరిపడని పొగ మన ఊపిరితిత్తులకును సరిపడదు. పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసపు రోగులు పరుండు చోట రాత్రియంతయు పొగ వేయుట మేలు కాదు. సంజవేళ, ఎవరును మంచమెక్కక ముందే, వాకిట కొంతసేపు పొగ వేసి ఆర్పివేయుట తగిన పద్ధతి. పశువుల కొట్టములలో మన రైతులు చేయునది ఇదియే.

దోమ చాల బలహీనముగా ఎగురు ప్రాణి. కొంచెము గాలి జోరుగా వీచినచో అది నిలువలేదు. కావున మంచము దగ్గర ఒక పంకా తిరుగుచున్న యెడల అది రెండు విధముల ఉపకరించును. ఆ గాలి దోమను దగ్గరకు రానీయదు. మన ఊపిరిని, చెమట వాసనను ఒకచోట నిలువనీయక చెదరగొట్టును. విద్యుచ్ఛక్తి లేని చోట దోమతెర కలదు. ఆరుబయటనైనను మంచపు నాలుగు మూలల నాలుగు కఱ్ఱలు కట్టి తెర దించి, దాని అంచులను పఱుపు క్రిందికి దోపవలెను. అంచులు వ్రేలాడు తెర కట్టియు కట్టని దానితో సమానము.

తులసిమొక్కయు, నిమ్మగడ్డి కుండీయు దగ్గర నుంచుకొన్న దోమలు రావని చెప్పువారు కలరు. తులసికోట మన ఇంటి ముంగిట నుండుటకు వేరు కారణములు చాలును. దోమ మాత్రము దానిని చూచి పారిపోదు. ఆకులలోని నూనె ఆకులలోనే ఉన్నంత కాలము దాని వాసన గాలిలోనికి రాదు. నిమ్మగడ్డిని నలిపి ఒంటికి రాచుకొన్నచో కొంతసేపు పనిచేయును, ఆ వాసన ఎగిరిపోగానే పని ముగియును. ఇంతకంటె మేలైనది వేపనూనె. కొబ్బరినూనెలో కొన్ని చుక్కల వేపనూనె కలిపి కాళ్లకు, చేతులకు పట్టించుకొన్న యెడల దోమలు కుట్టుట తగ్గును. అందరి చర్మము ఒక్కటి కాదు కనుక ముందు ముంజేతి మీద కొంచెము రాచి, దురద గాని మంట గాని పుట్టునేమో చూచుకొనవలెను. పసిబిడ్డలకు పూయరాదు. ఒక సంగతి మరీ ముఖ్యము: వేపనూనెను లోనికి పుచ్చుకొనుట ప్రమాదకరము. కడుపునొప్పికో జలుబుకో మందని పసిబిడ్డలకు ఆ నూనె త్రాగింపగా మూర్ఛలు వచ్చి ప్రాణము మీదికి వచ్చిన సందర్భములు వైద్య గ్రంథములలో కలవు. వేపచెట్టు మనకు మేలు చేయునంత మాత్రమున దానిలోని ప్రతి భాగమును కడుపులోనికి పోదగినది కాదు.

ఇంతవరకు చెప్పినవన్నియు పెరిగిన దోమను తరుముటకు ఉపాయములు. దోమను పుట్టకుండ చేయుట వీనికంటె సులభము. ఈ విషయమున మన తెలుగునాటికి ఒక విశేషమైన సంబంధము కలదు. 1897వ సంవత్సరమున రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు సికింద్రాబాదులో పనిచేయుచుండెను. చలిజ్వరము దోమల వలన వ్యాపించునని ఆయన అనుమానము. హుసేన్ ఖాన్ అను చలిజ్వర రోగిని ఒప్పించి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున సొమ్మిచ్చి, ఆ రోగిని దోమలచేత కుట్టించెను. పిదప ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. వేసవి ముగిసినను ఆ దినములలో ఉక్క విపరీతముగా నుండెడిది. పంకా వేసికొన్నచో కోసిన దోమలు ఎగిరిపోవునని ఆయన పంకా కూడ మాన్పించుకొనెను. ఆగష్టు 20వ తేదీన రెక్కల మీద మచ్చలు గల ఒక దోమ కడుపు గోడలో, చలిజ్వరపు క్రిమి ఎదుగుచున్న గుర్తులు ఆయనకు కనబడినవి. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మీద పరిశోధించి, ఆ క్రిమి దోమ నోటినుండి వేరొక ప్రాణికి ఎక్కు మార్గమును పూర్తిగా నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆగష్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా నేటికిని పాటించుచున్నారు. ఆయన పనిచేసిన భవనము హైదరాబాదులోని బేగంపేట ప్రాంతమున నేటికిని నిలిచియున్నది.

రాస్ కనుగొనిన సత్యము వలన ఒక చిన్న చెంబెడు నీటికి ఎంత ప్రాముఖ్యము కలదో లోకమునకు తెలిసినది. దోమ నీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు పిల్లయై, పిల్ల రెక్కలు గల దోమయై ఎగిరిపోవుటకు వేసవి వేడిలో సుమారు 8 నుండి 10 దినములు పట్టును. కావున నిలువ నీటిని వారమున కొకసారి పారబోసినచో ఆ నీటిలోని సంతతి యావత్తు నేల పాలగును. ఇందుకు ఖర్చు లేదు, మందు లేదు. పెరటిలోని రోలు, కుడితితొట్టి, పగిలిన కుండపెంకు, పారవేసిన కొబ్బరిచిప్ప, పాత టైరు, పూలకుండీ క్రింది పళ్లెము, మూతలేని నీళ్లతొట్టి, వీనినన్నింటిని ఒకసారి చూచి రండు. వేసవిలో చల్లదనము కొరకు పెట్టుకొను కూలరును మాత్రము మరువవలదు. దాని అడుగున నిలుచు నీరు దోమలకు పుట్టినిల్లు. పగటివేళ కుట్టి డెంగీ జ్వరము తెచ్చు చారల దోమ తన గ్రుడ్లను పాత్ర లోపలి గోడకు అంటించును. ఆ గ్రుడ్లు నెలల తరబడి ఎండియుండి, మరల నీరు తగులగానే పిల్లలగును. అందుచేత అట్టి పాత్రను వంచుట చాలదు, లోపల పీచుతో రుద్ది కడుగవలెను.

మీకు ఒక పని చెప్పెదను. ఏ మూలనైన నిలిచియున్న నీటిని తెల్లని పళ్లెములో పోసి చూడుడు. కుదుపుచు ఈదు సన్నని పురుగులు కనబడును. తల క్రిందుగా వ్రేలాడుచు తోకవైపు గొట్టముతో గాలి పీల్చునది ఒక జాతి. నీటి మట్టమునకు సమముగా అడ్డముగా తేలునది చలిజ్వరమును మోయు జాతి. ఏ జాతిదైనను గాలి కొరకు పైకి రాక తప్పదు. మురుగుకాలువ మీద కొంచెము నూనె పోయుమని ఆరోగ్యశాఖవారు చెప్పుట ఇందుకే: ఆ నూనెపొర గాలిని అందనీయక పురుగులను చంపును. త్రాగు నీటిలో మాత్రము నూనె పోయరాదు. బావులలో దోమపిల్లలను తిను గంబూజియా అను చిన్న చేపలను విడుచుచున్నారు.

ఇక ఈగ. ఇది కుట్టదు కనుక మనము దీనిని అంతగా లెక్కచేయము. నిజమునకు దోమకంటె దీని తీరు మరింత రోత పుట్టించును. ఈగకు నమలు పండ్లు లేవు. గట్టి పదార్థము మీద వ్రాలినప్పుడు ఉమ్ము వదలి, దానిని కరగించి, ఆ ద్రవమును పీల్చుకొనును. అంతకుముందు అది పేడకుప్ప మీదనో మలము మీదనో వ్రాలియుండును. కోసిపెట్టిన మామిడిపండ్ల మీదను, ఒలిచిన తాటిముంజల మీదను అది వ్రాలినప్పుడు కలరా, విరేచనములు, సన్నిపాతజ్వరము మున్నగు వ్యాధుల క్రిములు ఆ పండ్లకు అంటుకొనును. ఈగలు తోలుట కంటె పండ్లను మూతపెట్టుట తేలిక. పేడకుప్పను రెండు మూడు దినముల కొకసారి తిరగవేసి, పైన మట్టి కప్పుట మరియు మంచిది. కుప్ప నడుమ పుట్టు వేడికి ఈగపిల్లలు బ్రతుకజాలవు. ఎరువునకును ఆ మట్టి మేలే.

చీమల విషయమున మన ఇండ్లలోని పద్ధతులలో శాస్త్రము చాలవరకు ఉన్నదనియే చెప్పవలెను. చీమ నడచిన దారిలో ఒక వాసన విడుచును. వెనుక వచ్చునవి ఆ వాసననే పట్టుకొని నడచును. సబ్బునీటితో గాని నిమ్మరసముతో గాని ఆ దారిని తుడిచివేసినచో బారు తెగిపోవును. పసుపుగీత కొంత అడ్డగించును, గాలికి చెదరినంతనే నిష్ఫలమగును. భోజనపదార్థములుంచు అలమర కాళ్ల క్రింద నీళ్లగిన్నెలు పెట్టుట మన అమ్మమ్మలనాటి ఉపాయము. చీమ నీటిని దాటలేదు. కాని చూడుడు, ఆ గిన్నెలలోని నీటిని నెలల తరబడి మార్చని యిండ్లలో చీమల బాధ పోయి దోమల బాధ మొదలగును! ఆ నీటిలో ఒక చెంచా ఉప్పు వేసి, వారమున కొకసారి మార్చుచుండిన రెండును తప్పును.

తేనెటీగ, కందిరీగ కుట్టినప్పుడు సున్నము పూయుట వాడుక. విషము సూదిమొనతో చర్మము లోపలికి పోయియుండగా పైన పూసిన సున్నము అక్కడికి చేరదు. చర్మము పొక్కుట మాత్రము జరుగవచ్చును. తేనెటీగ ముల్లు మన చర్మములోనే విరిగి, దానితోడి విషపుతిత్తి మరికొంతసేపు విషమును లోనికి త్రోయుచుండును. దానిని గోటితోనో మరి దేనితోనో, ఏ విధముననైన సరే, వెంటనే తీసివేయవలెను. ఎట్లు తీయుదుమా అని ఆలోచించుచు కూర్చుండుటయే నష్టము. పిదప చన్నీటి గుడ్డ వేసిన నొప్పి తగ్గును. కందిరీగ ముల్లు విడువదు గాని మరల మరల కుట్టగలదు. మామిడితోపులో తేనెపట్టు మీదికి రాయి విసరుట ధైర్యమని కొందరు బాలురు అనుకొందురు. పెద్ద తేనెటీగలు గుంపుగా తరిమినచో చేతులు విసరుచు నిలువరాదు. ముఖము కప్పుకొని దగ్గరనున్న ఇంటిలోనికి పరుగెత్తి తలుపు మూయవలెను. అనేకములు కుట్టినను, ఒక్కటే కుట్టినను ముఖము వాచి, ఊపిరి ఆడకున్నచో ఇంటి వైద్యమునకు తావు లేదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. గొంగళిపురుగు తగిలినప్పుడు ఆ చోటును రుద్దిన నూగు ఇంకను లోనికి దిగును. జిగురుగల పట్టీని అంటించి లాగి, పిమ్మట సబ్బుతో కడిగికొనుడు.

తేలు సంగతి వేరు. దీనిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది.

తేలు పగలు రాళ్ల సందులలో, ఇటుకల కుప్పలలో, పిడకల గూటిలో, కట్టెల మోపులలో దాగియుండి రాత్రి వేటకు బయలుదేరును. వేసవిలో దాని సంచారము హెచ్చు. మనము ఆరుబయట పరుండుటయు అప్పుడే. మంచమును గోడకు ఆనింపకుండుట, దుప్పటిని నేలకు జీరాడనీయకుండుట, ఉదయమున చెప్పులు దులిపి తొడుగుకొనుట, పిడకలు తీయునప్పుడు చేయి పెట్టక ముందు కఱ్ఱతో కదల్చుట, ఇవి పాత అలవాట్లు. పెరటిలో కోళ్లు తిరుగుచుండిన తేళ్లను ఏరి తినును. వీనిని మించినవి నేటికిని లేవు. ఇప్పుడు దొరకు అతినీలలోహిత కిరణములు గల చేతిదీపమును చీకటిలో వేసినచో తేలు ఆకుపచ్చగా మెఱయును. పరుండక ముందు వాకిటిని పరీక్షించుటకు ఇది చక్కని సాధనము.

తేలు కుట్టిన పిమ్మట చేయు చికిత్సలు మాత్రము పూర్తిగా విచారింపదగినవి. ఉల్లిపాయ రుద్దుట, చింతగింజను అరగదీసి అంటించుట, ఉత్తరేణి వేరు చూపుట, మంత్రము వేయించుట మన పల్లెలలో నేటికిని కలవు. వీని వలన నొప్పి తగ్గినదని ప్రమాణము చేసి చెప్పువారును కలరు. వారు అబద్ధమాడుట లేదు. అనేకములైన తేళ్ల విషము కొన్ని గంటలు తీవ్రముగా బాధించి తనంతట తానే తగ్గిపోవును. ఆ గంటలలో ఎవరేమి చేసినను ఆ కీర్తి వారికే దక్కును. ఏమియు చేయకున్నను నొప్పి తగ్గియుండెడిదే.

చిక్కంతయు ఎఱ్ఱతేలు వలన వచ్చినది. ఆకారమున నల్లని పెద్దతేలు మనలను భయపెట్టును గాని, దానికంటె చిన్నదియు, ఎఱుపు వన్నె గలదియు అగు ఈ తేలే ప్రాణములు తీయును. దీని విషము శరీరములోని ఉద్రేకరసములను ఒక్కసారిగా పొంగించి గుండెను అలయజేయును. ఊపిరితిత్తులలో నీరు చేరును. పెద్దవారికంటె పిల్లలకు అపాయము హెచ్చు. ఒళ్లంతయు చెమట పట్టుట, మరల మరల వాంతి యగుట, కాళ్లుచేతులు చల్లబడుట, ఆయాసము కలుగుట, ఇవి విషము లోనికి ప్రాకినదనుటకు గుర్తులు. ఇట్టి బిడ్డను మంత్రగాని ఇంటికి తీసికొనిపోయి రెండు గంటలు గడపినచో ఆ రెండు గంటలను తరువాత ఏ వైద్యుడును తిరిగి ఇవ్వలేడు.

మహారాష్ట్రములోని మహాడ్ ప్రాంతమున హిమ్మత్‌రావ్ బావస్కర్ అను వైద్యుడు ఇట్టి పిల్లలు తన కన్నులయెదుట మరణించుట చూచి సహింపలేక, ప్రతి రోగి లక్షణములను వ్రాసికొనుచు ఏండ్ల తరబడి పరిశీలించెను. అధిక రక్తపు ఒత్తిడికి వాడు ప్రజోసిన్ అను మాత్ర, ఎఱ్ఱతేలు విషము గుండెపై చేయు దాడిని అడ్డుకొనునని 1980ల దశాబ్దమున కనుగొనెను. అంతకుపూర్వము విషము తలకెక్కిన రోగులలో నూటికి 40 వరకు చనిపోవుచుండగా, ఈ చికిత్స వచ్చిన పిమ్మట ఆ సంఖ్య ఒకటి వరకు దిగినది. ఆయన చేసిన సేవకు 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగినది. మాత్ర సామాన్యమైనదే, కాని ఎప్పుడు, ఎంత ఇయ్యవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను. ఇంటిలో దాచియుంచి పెట్టదగిన మందు కాదిది.

కావున తేలు కుట్టినప్పుడు ఇంటిలో చేయదగినది స్వల్పము. కుట్టిన చోటును కడిగి, చన్నీటి గుడ్డ వేయుడు. కోయుట, పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట పనికిరాదు. పిల్లవానిని కదలక కూర్చుండబెట్టి, 108 అను సంఖ్యకు ఫోను చేసి గాని, దొరకిన వాహనముపై గాని ఆసుపత్రికి చేర్చుడు. నొప్పి తప్ప వేరు గుర్తులు లేకున్నను, పిల్లలను వైద్యుని కన్నుల ముందర కొన్ని గంటలు ఉంచుట క్షేమము.

పెరటిలో చేయి పెట్టవద్దన్న చోట పెట్టినప్పుడో, చెప్పులు లేక తిరిగినప్పుడో తేలు కుట్టినచో, తిట్టుదురను భయముతో కొందరు పిల్లలు నోరు మెదపరు. తేలు కుట్టిన దొంగ అను మాట మన భాషలో ఊరకే పుట్టలేదు. అట్లు దాచిన గంట గంటకు విషము లోనికి దిగుచునే యుండును. కుట్టిన వెంటనే అమ్మతో గాని నాన్నతో గాని, వారు దగ్గర లేకున్న పొరుగింటివారితో గాని చెప్పుడు. కుట్టిన వేళ ఎంతయో గడియారము చూచి గుర్తుంచుకొనుడు. తేలు రంగు కనబడియుండిన అదియు చెప్పుడు. ఆసుపత్రిలో వైద్యుడు మొదట అడుగునవి ఈ రెండే.